నీలం నిమ్మకాయ

మా పాత స్కూలు దారిలో ఒక వంపు ఉంది. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోతుంటే హైవే మీద బస్సు దిగి ఎడమకు నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఇప్పుడంతా ప్లాట్ల హద్దురాళ్ళు, అపార్ట్‌మెంట్ల బోర్డులు. స్కూలు ఇంకో అర కిలోమీటరు ఉందనగా, సూటిగా పోతున్న తారురోడ్డు ఉన్నట్టుండి కుడికి జరిగి, పదడుగులు అట్లా పోయి, మళ్ళీ తన వరసలోకి వస్తుంది. అక్కడ గుట్ట లేదు, బావి లేదు, ఎవరి సమాధీ లేదు. మొన్న నన్ను తీసుకెళ్ళిన ఆటో అతన్ని అడిగితే "ఏమో మేడం, ముందునుంచి గట్లనే ఉన్నది" అన్నాడు.

ముందునుంచి లేదు. ఆ వంపు నా వల్ల వచ్చింది. అక్కడ నేను గురుగ్రహాన్ని పెట్టాను.

ఎనభైల చివరి మాట. బీయెస్సీ, బీఎడ్ చేసి ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. సంగారెడ్డిలో కిరాయికి ఉండి రోజూ బస్సులో వచ్చేదాన్ని. హైవే నుంచి స్కూలుకు ఏ ట్రాక్టరో, ఏ కంపెనీ వ్యానో దొరికితే సరి, లేకపోతే నడకే. నోరు అప్పటికే ఇంత ఉండేది. వయసుతో వచ్చిన నోరు కాదు నాది.

తొమ్మిదో తరగతి పుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ అర పేజీ ఉండేది. ఎడమ చివర సూర్యుడు, పక్కనే తొమ్మిది గ్రహాలు, బస్సులో సీటు కోసం తోసుకుంటున్నట్టు. నాకు ఒళ్ళు మండింది.

"ఇది అబద్ధం సార్" అన్నాను హెడ్మాస్టరుతో.

"పరీక్షల గదే గియ్యాలె గద మేడం."

"అబద్ధం గీస్తే మార్కులా?"

"నిజం గియ్యాలంటే ఎంత కాయితం కావాలె?" అన్నాడాయన, గెలిచానన్నట్టు చాయ్ తాగుతూ.

ఆ రాత్రి లెక్క వేశాను. సూర్యుణ్ణి మీటరు వెడల్పు చేస్తే నాలుగు కిలోమీటర్ల పైన కావాలి. మా స్కూలు నుంచి బస్సు దిగే చోటుకు సరిగ్గా అంతే దూరం. కాగితమెందుకు, రోడ్డుంది కదా.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలంతా తలా ఒకటి ఇంటి నుంచి తెచ్చారు. స్కూలు గోడ మీద సున్నంతో మీటరు వెడల్పు వృత్తం గీసి, ఎర్రమట్టి జాజు పూసి సూర్యుణ్ణి చేశాం. మా స్కూలు ఆయమ్మ ఇంట్లోంచి సైకిలు తెచ్చి, చక్రానికి ఎర్ర గుడ్డపీలిక కట్టాను. గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు, అంటే రెండు మీటర్ల పైన. అట్లా చుట్లు లెక్కబెట్టుకుంటూ బయల్దేరాం.

నలభై మీటర్ల దగ్గర బుధుడు, ఒక జొన్నగింజ. ఇంకొంచెం పోతే శుక్రుడు, ఒక శనగగింజ. నూట ఏడు మీటర్ల దగ్గర భూమి, ఇంకో శనగగింజ. దాని పక్కన జానెడు దూరంలో సజ్జగింజ ఒకటి అంటించాను. చంద్రుడు.

"మనుషులు ఇప్పటిదాకా పోయింది ఈ జానెడే" అన్నాను.

ఒక పిల్ల వంగి జానెడునూ, తర్వాత ఊరు దాటి పోతున్న రోడ్డునూ చూసింది. "మరి గంత దూరం ఎందుకు పోవాలె టీచర్?"

ఖనిజాలు, విజ్ఞానం, మానవాళి పురోగతి. బీఎడ్‌లో నేర్పినవన్నీ అప్పజెప్పాను. ఆ పిల్ల తలూపింది. పరీక్షలో ఏం రాయాలో తెలిసిన తల ఊపు అది. నాకే సిగ్గేసింది.

అంగారకుడు పెసరగింజ. తర్వాత నాలుగు వందల మీటర్లు ఏమీ లేదు. ఊరు దాటాక గురుగ్రహం, పీచు తీసిన కొబ్బరికాయ. దాని మీద ఎప్పటినుంచో తిరుగుతున్న పెద్ద తుఫాను ఒకటి ఉంది కదా, ఎర్ర మచ్చ, దానికి కుంకుమ బొట్టు పెట్టాను. కనబడాలని చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాను. కిలోమీటరు దగ్గర, ఒక కంపెనీ ప్రహరీ మూల, శని. అట్ట వలయం తొడిగిన బత్తాయి. అక్కడికే పిల్లల కాళ్ళు పీకాయి, ఇంటికి పంపేశాను. మిగతా మూడూ ఎట్లాగూ నేను బస్సుకు పోయే దారే కదా అని ఒక్కదాన్నే సైకిలు నెట్టుకుంటూ పోయాను.

ఆ నడక ఇప్పటికీ మర్చిపోలేదు.

శని దాటాక ఒక కిలోమీటరు ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలీదు. బోర్డు మీద సున్నాలు రాయడం వేరు, వాటిలోంచి నడవడం వేరు. చక్రం తిరుగుతోంది, నేను పైకే అంకెలు చెబుతున్నాను, ఇరుపక్కల బీడు. దూరంగా పొగగొట్టాలు. వాగు మీది కల్వర్టు దగ్గర యురేనస్‌కు నిమ్మకాయ పెట్టి కిందికి చూశాను. నీళ్ళు ముదురు ఎరుపులో ఉన్నాయి, అంచున నురగ. నిరుడు ఆ వాగులో కప్పలు అరిచేవి. ఆ సాయంత్రం ఒక్క శబ్దం లేదు. వెనక్కి తిరిగి చూస్తే స్కూలు గోడ కూడా కనబడలేదు. ఆ కనబడని గోడకు నూరు మీటర్ల దూరంలో ఒక శనగగింజ ఉంది. నేను పుట్టింది, మా అమ్మ చనిపోయింది, ప్రతి యుద్ధం, ప్రతి పెళ్ళి, అన్నీ ఆ గింజ మీదే. తర్వాతి సూర్యుణ్ణి, అంటే మనకు దగ్గరి నక్షత్రాన్ని, పెట్టాలంటే ఇదే కొలతలో ఈ భూగోళాన్ని ముప్పావు వంతు చుట్టి రావాలి. మధ్యలో పెట్టడానికి ఒక్క గింజ కూడా లేదు.  అంకెలు ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

మూడు కిలోమీటర్లు దాటాక రోడ్డు పక్కన పది పన్నెండు ఇళ్ళున్నాయి. చివర మలుపులో ఒక గుడిసె. అందులో ఒక అవ్వ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ముందు కూలికి పోయేది, తర్వాత ఒక కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోమేది. లెక్క ప్రకారం నెప్ట్యూన్ సరిగ్గా ఆ గుడిసె ముందు వచ్చింది. నెప్ట్యూన్ నీలంగా ఉంటుంది కాబట్టి నిమ్మకాయను ముందే నీలిమందులో ముంచి తెచ్చాను. ముగ్గుపిండి గీసి, మధ్యలో ఆ నీలం నిమ్మకాయ పెట్టి, ఇంకో కిలోమీటరు నడిచాను. బస్సు ఆగే చోట కిలోమీటరు రాయి అడుగున, ఒక బండపలక కింద, తొమ్మిది అంకె వేసిన అట్టముక్క మీద బంకతో అంటించిన ఆవగింజ. ప్లూటో. అప్పట్లో అది కూడా గ్రహమే. సైకిలు చాయ్ హోటల్లో పెట్టి బస్సెక్కాను.

సోమవారం పొద్దున్న సైకిలు నెట్టుకుంటూ అదే దారిన వచ్చాను. నీలం నిమ్మకాయ పెట్టిన చోటే ఉంది. దాని చుట్టూ నేను పెట్టని వేపమండలు ఉన్నాయి. ఇళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి. మనుషులు పనులకు పోయారనుకున్నాను. ఊరి దగ్గర కొబ్బరికాయను చూసి మాత్రం ఆగిపోయాను. రెండు రోజులు నడి రోడ్డున పడున్న కొబ్బరికాయ. ఆ రోడ్డు మీద ఇనుప మేకు కూడా గంట సేపు మిగలదు. దీన్ని ఒక్కరు ముట్టలేదు. సైకిలు జాడలు, ట్రాక్టరు జాడలు, బర్రెల గిట్టల జాడలు కూడా, అన్నీ దాని దగ్గరికి రాగానే కుడికి వంగి, చుట్టు తిరిగి, మళ్ళీ సూటిగా పోయాయి.

సైన్సంటే జనానికి ఎంత గౌరవం అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

క్లాసులో సగం మంది లేరు. వచ్చినవాళ్ళు నడకకు రామన్నారు. సాయంత్రం బడి వదిలే వేళకు ఆయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె చెల్లెలిది ఆ మలుపు దగ్గరి ఇల్లే.

"టీచరమ్మా, ఆడ అవ్వను కట్టేసిండ్రు. బాణామతి చేసిందంట. పండ్లు ఊడగొడ్తరంట!"

బాణామతి పేరు మా జిల్లాలో వినని ఇల్లు ఆ రోజుల్లో లేదు. మంత్రం వేసి మనిషిని గిలగిల్లాడిస్తారనీ, పళ్ళు ఊడగొడితే మంత్రం పలకదనీ నమ్మేవారు. ఆదివారం పొద్దున్న ఆ వాడ పటేలు కోడలు నీళ్ళ బిందెతో వస్తూ నిమ్మకాయను దాటిందట. దాటాక చూసుకుందట. నీలం నిమ్మకాయ. బిందె వదిలేసి అక్కడే పడిపోయింది, అప్పటినుంచి కళ్ళు తేలేసి ఏదేదో మాట్లాడుతోందట. శనివారం పొద్దుగూకే వేళ ఎవరో ఆడమనిషి గొణుక్కుంటూ, ఎర్ర గుడ్డ తిప్పుకుంటూ పోవడం దూరం నుంచి చూసినవాళ్ళున్నారట. నిమ్మకాయ ఎవరి గుడిసె ముందుంది? అవ్వ గుడిసె ముందు. ఇంకేం కావాలి.

ఇటుకల ట్రాక్టరు ఒకటి పోతుంటే చెయ్యెత్తి ఎక్కేశాను.

నేను దిగేసరికి ముప్పై మంది ఉన్నారు. అవ్వను కరెంటు స్తంభానికి కట్టేశారు. ఏడవడం లేదు, పెదవులు గట్టిగా బిగించి ఉంది. పక్కన ఒకడు షిఫ్టు దిగి కంపెనీ చొక్కాతోనే వచ్చాడు. వాడి చేతిలో కటింగ్ ప్లయర్. దాన్ని కొత్త పని దొరికినట్టు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

నేను తిన్నగా పోయి నిమ్మకాయను చేత్తో తీశాను. గుంపంతా ఒక్క అడుగు వెనక్కి పోయింది.

"ఇది నాది" అన్నాను. "నేను పెట్టిన. పిల్లలకు పాఠం చెప్పెటందుకు. ఇది ఒక గ్రహం."

పటేలు ముందుకొచ్చాడు. పెద్దమనిషి, అరవై దాటినవాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు.

"గ్రహాలు గుడిల ఉంటయ్ టీచరమ్మా. రోడ్డు మీద ఎందుకుంటయ్?"

"గుడిల తొమ్మిది ఉంటయ్ గద. ఇయ్యి కూడ తొమ్మిదే. బడి కాడికెళ్ళి బస్సు కాడిదాక వరస పెట్టిన."

"రాహుకేతువులను యాడ వెట్టినవ్?"

"రాహుకేతువులు లేరు పటేలా."

"లేరంటే?" ఆయన గొంతు తగ్గింది. "ఎవలింట్ల వెట్టినవ్?"

వెనక ఆడవాళ్ళలో ఒకామె ఏడుపు అందుకుంది. ఎవరో తమ గడప చూసి రమ్మని కేక వేశారు. వాదిస్తే గెలుస్తానని పెరిగినదాన్ని, ప్రతి మాటకూ అవ్వ చుట్టూ తాడు బిగుసుకుంటోంది.

ప్లయర్ వాడన్నాడు, "టీచరమ్మకు పాపమనిపిచ్చింది, ముసల్దాన్ని ఇడిపియ్యనీకె కతలు జెప్తున్నది."

"కతలా? మీరెవలన్న బస్సు కాడ కిలోమీటరు రాయి కింద చూసిండ్రా?"

హైవే వైపు చెయ్యి చూపించాను.

"ఈడికెళ్ళి ఇంక కిలోమీటరు. రాయి అడుగున ఒక బండపలక ఉంటది. దాని కింద అట్టముక్క, మీద తొమ్మిది అంకె, దానికి ఒక ఆవగింజ. ఒక్కటే. ఉంటే ఇయ్యన్ని పెట్టింది నేనని, ఆమె కాదని ఒప్పుకొని కట్లు ఇప్పాలె."

"లేకుంటే?" అన్నాడు పటేలు.

లేకుంటే ఏమిటో ప్లయర్ చప్పుడే చెప్పింది.

నడిచాం. ముందు నేనూ పటేలూ, వెనక పదిమంది. మిగతావాళ్ళు అవ్వ దగ్గరే ఉన్నారు. పొద్దు పొగగొట్టాల వెనక్కి దిగుతోంది. కంపెనీ సైరన్ మోగింది.  నేను ఎన్నో లెక్కలు చేశాను జన్మలో, ఆవగింజ మీద ఒక మనిషి పళ్ళున్న లెక్క ఎప్పుడూ చేయలేదు. చీమలు? బంక తియ్యగా ఉంటుంది కదా, చీమలకు ఇష్టం. ఆదివారం చినుకులు పడ్డాయి. బస్సు కోసం నిలబడినవాడెవడైనా కూర్చోవడానికి ఆ పలకను తీసి ఉండొచ్చు. కిలోమీటరు రాయినే లారీ ఒకటి గుద్ది ఉండొచ్చు. పొద్దున్న బస్సు దిగినప్పుడు వంగి చూస్తే ఏం పోయేది? చూడలేదు. పెట్టాను కాబట్టి ఉంటుందనుకున్నాను.

సగం దూరంలో పటేలు అడిగాడు, "గీ నీలందాని కాడికి మనుషులు పోయిండ్రా?"

"మనుషులు పోలే. ఒక యంత్రం పోయింది. పన్నెండేండ్లు పట్టింది."

"అది ఆడ ఉన్నదని ముందుగాల ఎట్ల ఎరుకైంది?"

"లెక్క వేసిండ్రు. ఆకాశంల ఫలాన కాడ చూడు, ఒకటి ఉండాలె అని. చూస్తే ఉన్నది."

 ఆయన నాకూ తనకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం చేసుకుని నడవసాగాడు.

రాయి ఉంది. పలక ఉంది. నేను వంగబోతే పటేలు ఆపి, తనే తీశాడు. అట్ట తడిసి మెత్తబడింది. చీమలు వరస కట్టి దాని మీది నుంచి పోతున్నాయి. తొమ్మిది అంకె సిరా పాకింది. మధ్యలో, బంక మరకలో, ఆవగింజ ఉంది.

 నవ్వొచ్చింది. "చూసిండ్రా?" అన్నాను గట్టిగా.

ఎవరూ ఆవగింజను చూడటం లేదు. పదిమందీ నన్ను చూస్తున్నారు. ప్లయర్ వాడు దాన్ని చొక్కా కింద దాచుకున్నాడు. పటేలు పలకను జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, ఉన్న చోటే పెట్టి లేచి చేతులు జోడించాడు.

"తప్పైంది టీచరమ్మా. మాకు ఎరుకలేదు. కోడల్ని ఇడిశిపెట్టు."

అప్పుడర్థమైంది. కిలోమీటరు దూరంలో రాయి కింద ఏముందో అక్షరం తప్పకుండా చెప్పిందెవరు? గొణుక్కుంటూ పోయిందెవరు? నీలం నిమ్మకాయను ఒట్టి చేత్తో పట్టిందెవరు? నేను నిరూపించాను. నేను నిరూపించింది అదే.

కాదని వాదించడానికి నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నా నోరు నేనే మూసుకున్నాను. కాదంటే మళ్ళీ స్తంభం దగ్గరికి పోతారు.

"ఇడిశిన" అన్నాను. "ముందుగాల ఆమె కట్లు ఇప్పుండ్రి."

పరుగెత్తారు.

కోడలు మూడో రోజుకు లేచి తిరిగింది. ఎందుకు పడిపోయిందో, ఎందుకు లేచిందో నాకిప్పటికీ తెలీదు. వాగు పక్కన బోరు నీళ్ళ వల్లేనని నేను వాదించేదాన్ని. ఆ నీళ్ళను ఎవరూ పరీక్ష చేయించలేదు. అదే నిమ్మకాయకు అవ్వకైతే ప్లయర్, నాకైతే దండం. సర్కారు నౌకరి ఉన్నవాళ్ళ పళ్ళు గట్టివి.

తర్వాత ఆ రోడ్డు మీద నేను చెయ్యెత్తకముందే ట్రాక్టర్లు ఆగేవి. ఆగి, నేనెక్కాక మిగతావాళ్ళు దిగిపోయేవాళ్ళు. బస్సు నిండుగా ఉన్నా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. నా క్లాసులో ఎవరూ అల్లరి చేయలేదు, ఎవరూ ప్రశ్న కూడా అడగలేదు. కొబ్బరికాయను తీసేద్దామని పోతే దాని కుంకుమ మీద ఇంకెవరో కొత్త కుంకుమ పెట్టి ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. నాకు, బీయెస్సీ చదివినదానికి. ఏడాదికి అది ఎండి పగిలి మట్టిలో కలిసింది, జాడలు మాత్రం వంగిన చోటే వంగాయి. కంకర జాడల మీద పోశారు, తారు కంకర మీద పోశారు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం అవ్వ స్కూలుకు వచ్చింది. మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. గోడ మీది జాజు సూర్యుణ్ణి చేత్తో తడిమి చూసింది. నన్ను చూసి భయపడని మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

"నిమ్మకాయ ఈడికెళ్ళే వచ్చిందా బిడ్డా?"

"ఈడికెళ్ళే అవ్వా."

"పటేలు చెప్పిండు. అసలుదాని కాడికి ఏదో యంత్రం పంపిండ్రంట గద."

"పంపిండ్రు."

"ఎందుకు?"

ఖనిజాలు, విజ్ఞానం. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. "ఈడ కూసొని చెప్పింది ఆడ ఉన్నదో లేదో చూసెటందుకు" అన్నాను.

అవ్వ రోడ్డు వైపు చూసింది. మణికట్ల మీద తాడు మచ్చలు ఇంకా పోలేదు. మాట్లాడితే పళ్ళు కనబడుతున్నాయి, గార పట్టినవి, వంకరవి, అన్నీ ఉన్నాయి.

"గంత దూరం ఉట్టిగనే ఎవలు పోతరు బిడ్డా" అంది. "ఆడ ఎవలనో కట్టేసి ఉంటరు."